ఘోస్ట్ ష్రింప్ అంత తేలికైన ప్రాణి కాదు

కొత్తగా చిన్న అక్వేరియం పెట్టుకున్న వాళ్ళకి అందే సలహాల్లో నాకు అస్సలు నచ్చనిది ఒకటుంది. "ముందు నాలుగు ఘోస్ట్ ష్రింప్ తెచ్చి వదులు, అవి బతికితే నీళ్ళు కుదిరినట్టే, తర్వాత చేపలు వేసుకోవచ్చు" అంటారు. చవగ్గా దొరుకుతాయి, పోయినా పెద్ద నష్టం లేదు అన్నది దాని వెనకున్న లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. గాజులా పారదర్శకంగా ఉండే ఈ చిన్న రొయ్యని నీళ్ళు పరీక్షించే పనిముట్టుగా వాడటం అన్యాయం, పైగా పరీక్షగా కూడా అది పనికిరాదు. పెంచాలనుకుంటే దానికోసమే ఒక తొట్టి పెట్టి, నీళ్ళు సిద్ధం చేసుకుని, అప్పుడు తెచ్చుకోవాలి. అంత ఓపిక లేకపోతే తెచ్చుకోకపోవడమే మేలు.

పరీక్షగా ఎందుకు పనికిరాదంటే, కొత్త తొట్టిలో విషం మొదటి రోజే పుట్టదు. రొయ్యల వ్యర్థాల నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. వేసిన రెండు రోజులకి రొయ్యలు హుషారుగా తిరుగుతున్నాయంటే నీళ్ళలో ఇంకా అమ్మోనియా పెరగలేదని అర్థం, అంతే. మూడో రోజో ఐదో రోజో పెరుగుతుంది. ఒకవేళ మొదటి రోజే చచ్చిపోయాయనుకోండి, అదీ మీ నీళ్ళ తప్పే అని చెప్పలేం, ఎందుకంటే ఈ రొయ్యలు మన దగ్గరికి వచ్చేసరికే సగం చచ్చి ఉంటాయి. పెద్ద చేపలకి మేతగా అమ్మే సరుకు కిందే వీటిని ఎక్కువగా తరలిస్తారు. ఒకే సంచిలో కిక్కిరిసి, తిండి లేకుండా, ఒక నీటి నుంచి ఇంకో నీటికి మారుతూ వస్తాయి. బతికినా చచ్చినా మనకి తెలిసేది ఏమీ లేదు. అదే చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే అమ్మోనియా ఎంత, నైట్రైట్ ఎంత అని కొన్ని నిమిషాల్లో అంకెతో సహా చెబుతుంది. ఏ ప్రాణినీ చంపక్కర్లేదు.

ఇంతకీ మనం మాట్లాడుకుంటున్నది ఏ రొయ్య గురించి? ఈ పేరుతో అక్వేరియం వాళ్ళకి ఎక్కువగా తెలిసినది పాలిమోనెటీస్ పలుడోసస్ అనే మంచినీటి జాతి. కొత్త వర్గీకరణలో దాన్ని పాలిమాన్ ప్రజాతిలో కలిపేశారు కాబట్టి పాలిమాన్ పలుడోసస్ అని కూడా కనిపిస్తుంది. అమెరికా ఆగ్నేయ భాగంలో మొక్కలు దట్టంగా పెరిగిన చెరువులు, నెమ్మదిగా పారే వాగులు దీని పుట్టిల్లు. పూర్తిగా ఎదిగితే నాలుగైదు సెంటీమీటర్లు, ఆయుష్షు సుమారు ఏడాది. మనం కొనేటప్పటికే చాలా వరకు ఎదిగిపోయి ఉంటాయి కాబట్టి ఆ ఏడాదిలో కొన్ని నెలలు అప్పటికే గడిచిపోయి ఉంటాయి, ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎంత బాగా చూసుకున్నా ఆరేడు నెలలకి ఒకటి చనిపోయిందంటే అది ముసలితనం కావచ్చు.

ఇదే పేరుతో వేరే రొయ్యలు కూడా వస్తాయి, ముఖ్యంగా మాక్రోబ్రాకియం ప్రజాతివి. చిన్నప్పుడు రెండూ ఒకేలా పారదర్శకంగా ఉంటాయి, తేడా పట్టుకోవడం కష్టం. తేడా చూడాల్సింది రెండో జత చేతుల్లో. పాలిమాన్‌కి ఆ చేతులు సన్నగా, పొట్టిగా ఉండి చివర చిన్న పట్టకారు ఉంటుంది. మాక్రోబ్రాకియంకి అవి పొడుగ్గా, ఒక్కోసారి ఒంటి పొడవు దాకా పెరిగి, ముందుకి చాపుకుని నడుస్తుంది. పొడుగు చేతులది తొట్టిలో చేరితే రాత్రికి రాత్రి చిన్న చేపలు మాయమవుతాయి, తోటి రొయ్యలు గుల్ల (ఒంటి పై పెంకు) విడిచి మెత్తగా ఉన్న పూట దొరికితే వాటినీ తినేస్తుంది. "ఘోస్ట్ ష్రింప్ దుర్మార్గపువి, చేపల్ని చంపుతాయి" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఈ గందరగోళమే అని నా నమ్మకం. అసలు ఘోస్ట్ ష్రింప్ కూడా పూర్తి సాధువు కాదు, ఆకలేస్తే జబ్బు చేసిన చేపని గిల్లుతుంది, అప్పుడే పుట్టిన చేపపిల్ల దొరికితే వదలదు. కానీ ఆరోగ్యంగా ఈదే చేపని వెంటాడి చంపేంత శక్తి దానికి లేదు.

నన్ను ఈ ప్రాణికి కట్టిపడేసింది దాని ఒళ్ళే. మిగతా చాలా పెంపుడు ప్రాణుల లోపల ఏం జరుగుతోందో మనకి కనిపించదు, దీనిలో అన్నీ కనిపిస్తాయి. ఆకుపచ్చ ఆల్గే వేఫర్ (నాచుతో చేసిన మేత బిళ్ళ) ముక్క ఒకటి వేసి, పక్క నుంచి టార్చి కొట్టి చూడండి. ముందు మీసాలు చకచకా ఆడతాయి, వాసన తగిలిందన్నమాట. ఎటు నుంచో వెతుక్కుంటూ వస్తుంది, ముక్క పక్కనే ఉన్నా ఒక్కోసారి దాటిపోయి వెనక్కి తిరిగొస్తుంది. దొరకగానే చిన్న పట్టకార్లతో ఒక్కో తునకా తెంపి నోటికి అందిస్తుంది, ఒక చెయ్యి నోటి దగ్గర ఉండగానే ఇంకో చెయ్యి తర్వాతి తునక కోసం వెళ్తుంది. కాసేపటికి కళ్ళ వెనక తలలో ఒక ఆకుపచ్చ చుక్క మొదలవుతుంది. అది పొట్ట. చుక్క పెద్దదై, ముదురుతుంది, తర్వాత వీపు మీదుగా తోక వైపు సన్నటి ఆకుపచ్చ గీత సాగుతుంది. తల గుల్ల వెనక అంచు దగ్గర జాగ్రత్తగా చూస్తే గుండె టకటకా కొట్టుకోవడం తెలుస్తుంది. పక్కవాడు వచ్చాడంటే ఉన్న ముక్కంతా ఒడిసిపట్టుకుని వెనక్కి ఎగిరి పారిపోతుంది.

ఈ పారదర్శకత వల్ల పెంచేవాళ్ళకి అసలైన మేలు ఒకటుంది. ఆరోగ్యం రంగులో తెలుస్తుంది. మంచిగా ఉన్న రొయ్య గాజులా ఉంటుంది, తోక మీద చిన్న నారింజ చుక్కలు తప్ప మరే రంగూ ఉండదు. కండ పాలతెల్లగా మారుతోందంటే ఏదో తేడా జరుగుతున్నట్టు. పెడర్సన్ క్లీనర్ ష్రింప్ అనే పారదర్శక సముద్రపు రొయ్య మీద 2017లో ఒక పరిశోధన వచ్చింది. వాటిని బాగా అలసిపోయేలా చేసినా, నీటి ఉప్పదనం లాంటివి మార్చి ఒత్తిడికి గురిచేసినా ఒళ్ళు మసకబారిందట, కండరాల మధ్యకి రక్తం ఎక్కువగా చేరడం దానికి కారణమని తేలింది. ఇది వేరే జాతి అయినా, తొట్టిలో నేను చూసేదానికి చాలా దగ్గరగా ఉంది. సంచిలోంచి దింపిన పూట రొయ్యలు కొంచెం మసగ్గా ఉండటం, మర్నాటికి మళ్ళీ తేటపడటం మామూలే. తేటపడకుండా తెలుపు ముదురుతూ పోతే మాత్రం కండ దెబ్బతిన్నట్టే. నీళ్ళు వెంటనే పరీక్షించుకోవాలి.

ఇక నీళ్ళ సంగతి. తొట్టి కనీసం 20 లీటర్లు ఉండాలి, అందులో పది రొయ్యల దాకా హాయిగా ఉంటాయి. ఇంకా చిన్న గిన్నెల్లో, జార్లలో పెంచుతామనే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, తక్కువ నీళ్ళలో అమ్మోనియా కూడా, వేడి కూడా చాలా తొందరగా మారిపోతాయి, సర్దుకునే టైం రొయ్యకి ఉండదు. ముందు ఖాళీ తొట్టిలో ఫిల్టర్ ఆడించి, కొద్దిగా అమ్మోనియా గానీ చేప మేత గానీ వేస్తూ బ్యాక్టీరియా పెరగనివ్వాలి. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది తక్కువ మోతాదులో ఫర్వాలేదు. ఈ రెండు బృందాలూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దీనికి దగ్గరదారి లేదు. ఉన్న ఒకే ఒక్క సాయం ఏంటంటే, ఆరోగ్యంగా నడుస్తున్న ఇంకో తొట్టి నుంచి పాత ఫిల్టర్ స్పాంజ్ తెచ్చి పెట్టుకోవడం. కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) లోపు చూపించినప్పుడే రొయ్యల గురించి ఆలోచించండి.

మిగతా అంకెల్లో ఇది మొండిదే, వేడి 20 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఎక్కడున్నా సర్దుకుంటుంది. ఒక కచ్చితమైన అంకె కోసం మందులు పోసి పీహెచ్ పైకీ కిందకీ లాగడం కన్నా ఉన్న పీహెచ్ కదలకుండా చూసుకోవడం వెయ్యి రెట్లు మంచిది. కుళాయి నీళ్ళయితే క్లోరిన్, క్లోరమిన్ పోవడానికి కండిషనర్ తప్పనిసరి, ఎందుకంటే రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోవచ్చు గానీ క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. వారానికి పదిహేను, ఇరవై శాతం నీళ్ళు మార్చాలి, కొత్త నీళ్ళు పాత నీళ్ళంత వేడిగానే ఉండాలి. ఫిల్టర్ విషయంలో స్పాంజ్ ఫిల్టర్‌ని మించింది లేదు, చిన్న పిల్లల్ని లాక్కోదు, పైగా దాని మీద పట్టిన పాచిని రొయ్యలు రోజంతా ఏరుకుని తింటాయి. మూత మర్చిపోవద్దు, భయపడితే ఇవి ఎగురుతాయి.

తెచ్చిన రోజున సంచి నీళ్ళతో సహా తొట్టిలో కుమ్మరించడం చాలామంది చేస్తారు. అలా చేయకూడదు. రొయ్యలున్న నీళ్ళని ఒక చిన్న డబ్బాలో పోసి, సన్న ఎయిర్ ట్యూబుకి ముడి వేసి, తొట్టి నీళ్ళు సెకనుకి ఒకటి రెండు చుక్కల చొప్పున పడేలా పెట్టాలి. డబ్బాలో నీళ్ళు రెండింతలు, మూడింతలు అయ్యేదాకా గంట, గంటన్నర ఆగి, తర్వాత రొయ్యల్ని మాత్రమే వలతో తీసి వదలాలి. ఆ సంచి నీళ్ళు పారబోయాలి, అందులో అమ్మోనియా ఉంటుంది. ఇంత చేసినా మొదటి రెండు మూడు రోజుల్లో ఒకటి రెండు పోవచ్చు, అవి దారిలోనే దెబ్బతిన్నవి.

గుల్ల విడవడం గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే కుదురుకున్న తొట్టిలో రొయ్యలు ఎక్కువగా పోయేది ఇక్కడే. పైన గుల్ల పెరగదు కాబట్టి ఒళ్ళు పెరగాలంటే దాన్ని విడిచి కొత్తది తొడుక్కోవాలి. ఆ ముందు రోజు మేత మీద ఆసక్తి తగ్గుతుంది, మూలకి వెళ్తుంది. తలకీ నడుముకీ మధ్య గుల్ల పగులుతుంది, ఆ సందులోంచి మీసాలు, కాళ్ళు, కళ్ళ మీద పొరతో సహా అన్నిటినీ లాక్కుని ఒక్క తోక విసురుతో బయటికొచ్చేస్తుంది. బయటికొచ్చిన ఒళ్ళు మెత్తగా ఉంటుంది, నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, ఆ సైజులో కొత్త గుల్ల గట్టిపడుతుంది. ఆ గంటల్లో అది దేన్నీ ఎదిరించలేదు. జావా మాస్, హార్న్‌వర్ట్ లాంటి దట్టమైన మొక్కలు అలంకారం కోసం కాదు, ఈ గంటల కోసం.

వదిలిన గుల్ల అచ్చం చచ్చిన రొయ్యలా కనిపిస్తుంది. కంగారు పడి తీసేయకండి. గుల్ల ఖాళీగా, పూర్తి పారదర్శకంగా, వీపు దగ్గర చీలి ఉంటుంది, చచ్చిన రొయ్య అయితే తెల్లగానో గులాబీ రంగులోనో ఉంటుంది. గుల్లని అక్కడే ఉంచితే రొయ్యలే తిని అందులోని కాల్షియంని తిరిగి వాడుకుంటాయి, చచ్చిన రొయ్యని మాత్రం వెంటనే తీసేయాలి. నీళ్ళు మరీ మెత్తనైతే, అంటే జీహెచ్ (నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం కొలత) బాగా తక్కువైతే, కొత్త గుల్ల సరిగ్గా కట్టదు. నడుము చుట్టూ తెల్లటి ఉంగరంలా చీలిక కనిపించి, రొయ్య అందులోంచి బయటపడలేక చనిపోతుంది. జీహెచ్ 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచుకుంటే ఈ బెడద చాలా తగ్గుతుంది. ఒకేసారి సగం నీళ్ళు మార్చేయడం కూడా దీనికి కారణం అవుతుంది, టైం రాకుండానే గుల్ల విడిచే పరిస్థితి వస్తుంది.

మందుల సీసాల మీద రాగి ఉందేమో చదవండి. వీటి రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హీమోసయనిన్‌లో రాగే ఉంటుంది, అయినా నీళ్ళలో కలిసిన రాగి కొద్దిపాటి మోతాదులోనే వీటిని చంపేస్తుంది. చేపల తెల్లమచ్చ జబ్బుకి, పరాన్నజీవులకి వాడే చాలా మందుల్లో రాగి లవణాలు ఉంటాయి. చేపలకి జబ్బు చేస్తే చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయాలి. కొత్త మొక్కలు కూడా పురుగుమందు కొట్టినవి కావచ్చు, కొన్ని రోజులు వేరే నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మారుస్తూ ఉండి, తర్వాతే వేయాలి. తొట్టి ఉన్న గదిలో దోమల స్ప్రే వద్దు.

"తొట్టి శుభ్రం చేస్తాయి కదా, మేత ఎందుకు" అనేది నేను ఒప్పుకోని రెండో మాట. మిగిలిన మేత తింటాయి నిజమే, పాచిని గీకుతాయి అదీ నిజమే, కానీ తిన్నదంతా మళ్ళీ వ్యర్థంగా బయటికొస్తుంది, అమ్మోనియా ఎక్కడికీ పోదు. కొత్త తొట్టిలో వాటికి సరిపోయేంత పాచి ఉండదు కూడా. పది రొయ్యలకి రోజుకో రెండు రోజులకో మునిగే మేత గుళిక ఒకటి, అప్పుడప్పుడు ఉడికించిన కూరగాయ ముక్క. రెండు మూడు గంటల తర్వాత మిగిలింది తీసేయండి. ఆకలితో ఉన్నవే ఒకదాన్నొకటి పీక్కుతింటాయి.

వాటితో ఎవరుండాలి అంటే, నన్నడిగితే ఎవరూ వద్దు. నత్తలు, ఓటోసింక్లస్ లాంటి శాంతమైన చేపలు సరే. బెట్టా, సిక్లిడ్లు, గోల్డ్ ఫిష్ ఉన్న తొట్టిలో వేయడమంటే మేత వేయడమే. ఆ చేపలు మింగకపోయినా రొయ్య పగలంతా రాయి వెనకే నక్కి ఉంటుంది, మీకు కనిపించదు, మరి పెంచడం దేనికి? చేపల్లేని తొట్టిలో ఇవే రొయ్యలు పట్టపగలు నడిమధ్యలో తిరుగుతాయి.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఓపిక బాగా కావాలి. ఆడది మగదానికన్నా పెద్దది, గుడ్లు తయారవుతున్నప్పుడు వీపు కింద ఆకుపచ్చ జీను లాంటి మచ్చ కనిపిస్తుంది. గుల్ల విడిచిన వెంటనే జత కడుతుంది, తర్వాత గుడ్లు పొట్ట కింద ఈత కాళ్ళకి అంటుకుంటాయి. తల్లి ఆ కాళ్ళని ఆపకుండా ఊపుతూ వాటికి కొత్త నీళ్ళు తగిలేలా చేస్తుంది. వేడిని బట్టి రెండు మూడు వారాలు మోస్తుంది. చివరికొచ్చేసరికి గుడ్ల రంగు తేలిపోయి, ఒక్కోదాంట్లో రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి పిల్లల కళ్ళు. అప్పటికి తల్లిని జాగ్రత్తగా ఒక గిన్నెతో, వలతో కాదు, వేరే చిన్న తొట్టిలోకి మార్చాలి. గుడ్లు పొదిగాక తల్లిని వెనక్కి తెచ్చేయాలి, లేకపోతే తనే తినేస్తుంది.

చెర్రీ ష్రింప్ పిల్లలు పుట్టుకతోనే చిన్న సైజు రొయ్యల్లా ఉంటాయి, నేల మీద పడగానే ఏరుకుని తింటాయి. ఘోస్ట్ ష్రింప్ అలా కాదు, వీటికి లార్వా దశ ఉంటుంది. నలుసుల్లా తల కిందికి పెట్టి నీళ్ళలో తేలుతుంటాయి, ఎదురుగా వచ్చిన దాన్నే తినగలవు. ఆకుపచ్చ నీళ్ళు (సూక్ష్మ నాచు పెరిగినవి), ఇన్ఫ్యూసోరియా అనే సూక్ష్మజీవులు, మెత్తటి స్పైరులినా నాచు పొడి కొంచెం కొంచెంగా రోజుకి చాలాసార్లు ఇవ్వాలి, కాస్త ఎదిగాక అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న జీవి) పిల్లల్ని ఇవ్వొచ్చు. మేత ఎక్కువైతే నీళ్ళు పాడు, తక్కువైతే ఆకలి చావు. ఎక్కువ భాగం పోతాయి, అది మామూలే. ఇవి మంచినీళ్ళలోనే ఎదుగుతాయి, కానీ మాక్రోబ్రాకియంలో కొన్ని జాతుల లార్వాలకి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. ఎంత చేసినా లార్వాలు నిలవడం లేదంటే ముందు మీ దగ్గరున్నది ఏ జాతో చూసుకోండి.

ఇదంతా చదివి "ఏడాది బతికే మేత రొయ్యకి ఇంత హడావుడా" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నా జవాబు ఇది. పెద్ద చేపకి మేతగా వేయడం ఒక విషయం, దాని మీద నేనిప్పుడు వాదించను. నేను మాట్లాడుతున్నది పెంచుతామని తెచ్చి, తయారుగా లేని నీళ్ళలో వేసి, రెండు మూడు రోజులు విలవిల్లాడి చచ్చేలా వదిలేయడం గురించి. అది ఎవరికీ ఆహారం కాదు, ఎవరికీ ఉపయోగం కాదు. వాటికి నొప్పి తెలుస్తుందా అన్నది ఇంకా తేలని ప్రశ్నే. 2008లో రాబర్ట్ ఎల్వుడ్ అనే పరిశోధకుడి బృందం పాలిమాన్ ఎలిగాన్స్ అనే దగ్గరి బంధువు మీసానికి ఎసిటిక్ యాసిడ్ రాస్తే, అది ఆ మీసాన్నే పట్టుకుని తుడుచుకుంది, తొట్టి గోడకి రుద్దుకుంది. ముందుగా మత్తుమందు రాసినప్పుడు ఆ పని తగ్గింది. 2010లో మరో ఇద్దరు పరిశోధకులు పాలిమోనెటీస్ రొయ్యలతో సహా మూడు రకాల జీవుల మీద ఇలాంటిదే చేస్తే, యాసిడ్‌కి ప్రత్యేక స్పందన ఏమీ కనిపించలేదు. రెండు పక్కలా ఆధారాలున్నాయి. బ్రిటన్ మాత్రం 2022లో తెచ్చిన యానిమల్ వెల్ఫేర్ (సెంటియన్స్) చట్టంలో రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్ల జాతిని అనుభూతి ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అనుమానం ఉన్నచోట ప్రాణి పక్షాన నిలబడటమే నాకు సరైనదిగా తోస్తుంది, పైగా ఇక్కడ దానికి మనం పెట్టాల్సిన ఖర్చు నాలుగు నుంచి ఆరు వారాల ఓపిక మాత్రమే.

కొనడానికి వెళ్ళినప్పుడు అమ్మేవాళ్ళని అడగాల్సింది ధర కాదు, ఆ రొయ్యలు ఎప్పుడు వచ్చాయో అడగండి. అదే రోజు దిగిన సరుకైతే వారం ఆగి రండి, అప్పటికి నిలిచినవి గట్టివి. తొట్టి అడుగున తెల్లబడ్డవి, చచ్చినవి ఎక్కువ కనిపిస్తే మిగతావి ఎంత హుషారుగా ఉన్నా వద్దు. మీసాలు రెండూ పొడుగ్గా ఉండి, కాళ్ళు ఆడిస్తూ ఏదో ఒకటి ఏరుకుంటున్నవాటిని చూపించి, వాటినే పట్టివ్వమనండి. ఏదో ఒక రోజు పెంచడం మానేయాల్సి వస్తే పెంచే ఇంకొకళ్ళకి ఇవ్వండి, చెరువులోనో కాలువలోనో వదలొద్దు, వాటితో పాటు వచ్చే జబ్బులు, పరాన్నజీవులు అక్కడి జీవులకి అంటుకుంటాయి.